చెడిపోయిందా? చెడగొట్టామా?

మన తెలుగులో ఒక గొప్ప సౌకర్యం వుంది. గాజుగ్లాసు మన చేతిలోంచి జారి ముక్కలైందనుకోండి, "గ్లాసు పగిలింది" అంటాం. అదే గ్లాసు పనిమనిషి చేతిలోంచి జారితే "పగలగొట్టింది" అంటాం. మన పాలు పొంగిపోతాయి; పక్కింటావిడ పరాకుగా వుండి పాలు పొంగించేసుకుంటుంది. మన చెవిదుద్దు పోతుంది. మావారు గొడుగు పోగొట్టుకొస్తారు. మన పులుసులో ఉప్పెక్కువవుతుంది. తోడికోడలు ఉప్పు ఎక్కువ వేస్తుంది. వస్తువు ఒకటే, ముక్కలూ అవే. కాని చెయ్యి ఎవరిదన్న దాన్ని బట్టి క్రియాపదం మారిపోతుంది. మన విషయంలో వస్తువులు వాటంతటవే పగులుతాయి, చెడతాయి, పోతాయి. ఇతరుల విషయంలో మాత్రం మధ్యలో "గొట్టు" వచ్చి చేరుతుంది - పగలగొట్టడం, చెడగొట్టడం, పోగొట్టడం.

అది రెండక్షరాల ముక్క. మొన్న ఎండాకాలంలో ఆ రెండక్షరాలూ నా నోట రావడానికి రెండు రోజుల పైచిలుకు పట్టింది. ఆ రెండు రోజుల్లో మా ఇంట్లో పద్ధెనిమిది వేల రూపాయలు ఖర్చు కాబోయి ఆగింది. ఏ తప్పూ చెయ్యని ఒక పిల్లవాడు తిట్లు తిన్నాడు. ఆ కథ మీకు చెప్పాలి. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదూ!

మా మనవడు కర్నూల్లో మా దగ్గరే వుండి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడి తల్లి, అంటే మా అమ్మాయి, కాపురం కడపలో. హాల్లో వున్న కంప్యూటరు వాడిదీ, మాదీ కూడాను. వాడు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో అందులో గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనివేసుకున్నాడు. తెరమీద బొమ్మలు చకచకా కదలాలంటే అది వుండాలిట. కాలేజీలో చూపించడానికి మన కొండారెడ్డి బురుజును కంప్యూటరులో కట్టుతున్నాడు. ఒక్కొక్క రాయీ పేర్చి, చుట్టూ తిప్పి చూపిస్తాడు. పక్షి పైనుంచి చూసినట్టు కూడా చూడొచ్చు. మెట్లెక్కలేని మా మోకాళ్ళకు ఆ బురుజే సుఖం అనుకునేదాన్ని. దాన్ని సోమవారానికి అప్పజెప్పాలి.

ఆ గురువారం మధ్యాహ్నం వాడు కాలేజీకి, మావారు బ్యాంకుకు వెళ్ళారు. కర్నూలు ఎండ సంగతి తెలిసిందేగా, కిటికీ తలుపులు వేసినా వడగాలి సందుల్లోంచి ఈల వేస్తోంది. అమ్మాయితో కాసేపు మాట్లాడదామని నేను కంప్యూటరు పెట్టాను. తెర మూలన ఒక చిన్న డబ్బా లేచింది. "కొత్త డ్రైవరు వచ్చింది, వేయమంటారా?" అని ఇంగ్లీషులో అడిగింది. కొత్తది వచ్చిందంటే మంచిదే కదా అని "సరే" నొక్కాను. ఒక ఆకుపచ్చ గీత చీమలా పాకడం మొదలుపెట్టింది. సగం దూరం పాకిందో లేదో, తెర ఒక్కసారిగా నల్లబడిపోయింది. ఫాను తిరుగుతూనే వుంది కనుక కరెంటు పోలేదు. రామా కృష్ణా అని పది లెక్కపెట్టాను. వెలుగు రాలేదు. ఎక్కడో కాలుతున్న వాసన కూడా వచ్చినట్టనిపించింది. అది పక్కింటివాళ్ళ పోపు అని తర్వాత తెలిసిందనుకోండి. గుండె దడదడలాడి, లేచి వెళ్ళి గోడ దగ్గర స్విచ్చి కట్టేశాను.

కాసేపటికి మళ్ళీ పెట్టి చూస్తే కంప్యూటరు వచ్చింది గాని, అక్షరాలు గుమ్మడికాయలంత వున్నాయి. బురుజు తెరవబోతే తెరుచుకోలేదు. మెల్లగా ఆర్పేసి, పైన గుడ్డ కప్పి, వంటింట్లోకి వెళ్ళి గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నాను. ఆ రోజు గోరుచిక్కుళ్ళు ఎంత శ్రద్ధగా తుంచానో!

సాయంత్రం వాడొచ్చి గుడ్డ తీశాడు. "అవ్వా, కంప్యూటరు ఎవరన్నా ముట్టుకున్నారా?" అన్నాడు.

"నేనేం చెయ్యలేదురా!" అన్నాను.

వాడడిగింది ముట్టుకున్నారా అని. నేను చెప్పిన జవాబు చెయ్యలేదని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ గుమ్మడికాయ అక్షరాల ముందు నిలబడి నేను భుజాలు తడుముకున్నాను.

మావారు పేపరు లోంచి తలెత్తకుండానే తీర్పు చెప్పారు. "రాత్రి రెండింటిదాకా ఆటలాడితే ఇంకేమవుతుంది? చెడగొట్టినావు పో!"

చూశారా, "గొట్టు" ఎంత సులువుగా వచ్చేసిందో! వాడు ఆడింది ఆటలు కావనీ, రాళ్ళు పేరుస్తున్నాడనీ నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు.

ఆ రాత్రంతా వాడు కొత్త డ్రైవరును మళ్ళీ మళ్ళీ వేయబోయాడు. ప్రతిసారీ సగంలో "కుదరలేదు" అంటుంది. శుక్రవారం బాగుచేసే అతన్ని పిలిపించారు. అతను మూత తీసి చూసి, "ఏం చేసినారు సార్?" అని అడిగాడు. ముగ్గురం ఏకకంఠంతో "ఏం చెయ్యలేదు" అన్నాం. అతను తల పంకించి, "ఏం చెయ్యకుండా ఇట్లయిందంటే కార్డే పోయుంటుంది. కొత్తది పద్ధెనిమిది వేలు" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. మనం ఇచ్చిన సాక్ష్యాన్ని బట్టే కదా ఎవరైనా తీర్పు చెప్పేది! నా అబద్ధం నమ్మిన పాపానికి పనితెలిసిన మనిషి కూడా తప్పుదారి పట్టాడు.

శనివారం రాత్రి భోజనాల దగ్గర మావారు, సోమవారం బ్యాంకులో డబ్బు తీస్తాననీ, అది వాడి పై ఖర్చులకిచ్చే డబ్బులో నెలనెలా పట్టుకుంటాననీ ప్రకటించారు. వాడు తల వంచుకుని జొన్నరొట్టె తుంచుకుంటూ "సరే తాతా" అన్నాడు. ఆ "సరే" నాకు అన్నం దిగనివ్వలేదు.

మా వైపు ఎండాకాలం రాత్రిళ్ళు మిద్దె మీద పడక. అందరూ పడుకున్నాక వాడి చాప దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. చీకట్లో మొహం కనబడదు కనుక కాస్త సులువయింది. మొత్తం చెప్పేశాను. డబ్బా లేవడం, నేను నొక్కడం, గీత పాకడం, తెర నల్లబడడం, స్విచ్చి కట్టడం, అన్నీ.

"నువ్వు ఆర్పినావని నాకు తెలుసవ్వా" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. తర్వాత చెప్పాడు. విండోసులో ఈవెంట్ వ్యూయర్ అని ఒక పద్దు వుంటుంది. యంత్రంలో జరిగే విశేషాలు గంటా నిమిషాలతో సహా అందులో రాసుకుంటాయి. సరిగ్గా ఆర్పకుండా యంత్రం ఆగిపోతే 6008 అనే అంకె వేసి, "ఫలానా వేళప్పుడు అనుకోకుండా ఆగింది" అని రాస్తుంది. అందులో గురువారం మధ్యాహ్నం 3 గంటల 22 నిమిషాలని వుంది. ఆ వేళకు వాడు కాలేజీలో, తాత బ్యాంకులో. పక్కింట్లో అడిగితే కరెంటు పోలేదన్నారు. ఇంక మిగిలిందెవరు?

చిత్రగుప్తుడి చిట్టా అంటే పురాణాల్లోనే అనుకున్నాను, మా హాల్లోనే వుందన్నమాట! అయినా వస్తువులు మరిచిపోవు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగినప్పుడు మా గోడ మీద నీళ్ళు గీసిన గీత, ఎన్నిసార్లు సున్నం కొట్టించినా, వానాకాలంలో చెమ్మగా మళ్ళీ కనబడుతూనే వుంటుంది.

"మరి నన్నడగలేదేం రా?" అన్నాను.

"అడిగితిని గదవ్వా గురువారమే. ఏం జెయ్యలేదంటివి. మళ్ళా అడిగితే నువ్వు మళ్ళా అబద్ధం చెప్పాల్సొస్తుంది. ఎందుకులే అనుకుంటి."

ఆ మాట విన్నాక కాసేపు చుక్కలు చూస్తూ వుండిపోయాను. కాని వాడు లేచి కూర్చున్నాడు. "ఊరికే స్విచ్చి ఆర్పినావనుకుంటి, దాంతో కార్డు కాలిందేమోనని నేనూ నమ్మితి. డ్రైవరు వేస్తా వుండంగా ఆర్పినావంటే అది వేరే కథవ్వా! కార్డు పోలేదు!" అని గబగబా మెట్లు దిగాడు. నేనూ వెనకాలే దిగాను.

ఇక్కడ డ్రైవరంటే ఏమిటో చెప్పాలి. బస్సు డ్రైవరు కాదు, దుబాసీ అనుకోండి. పూర్వం దొరలకు మన భాష రాకపోతే, రైతుకు వాళ్ళ భాష రాకపోతే, మధ్యన దుబాసీ నిలబడి ఇటుమాట అటు, అటుమాట ఇటు చెప్పేవాడు. కంప్యూటరులో విండోసు దొర. గ్రాఫిక్స్ కార్డు పనివాడు. దొరకు ఈ పనివాడి భాష రాదు. "ఈ చుక్క ఎర్రగా వెయ్యి, ఈ గీత కదుపు" అని దొర చెప్పిందాన్ని కార్డుకు అర్థమయ్యేట్టు చెప్పేదే డ్రైవరు. దుబాసీ తడబడితే ఇద్దరూ మంచివాళ్ళే అయినా వ్యవహారం చెడుతుంది. 2003లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన ఒక పరిశోధనపత్రంలో, అప్పటి విండోస్ ఎక్స్‌పీలో నమోదైన వైఫల్యాల్లో నూటికి 85 ఈ డ్రైవర్ల వల్లేనని చెప్పారు. మామకూ కొడుక్కూ మధ్య, ఆడబిడ్డకూ అత్తకూ మధ్య మాటలు మోసే మనకు ఈ లెక్క చూసి ఆశ్చర్యమేమీ కలగదు!

కొత్త దుబాసీ వచ్చేటప్పుడు పాతవాడు దిగిపోవాలి. ఆ మారే క్షణంలో మాట చెప్పేవాళ్ళెవరూ వుండరు కనుక తెర కాసేపు నల్లబడడం, మిణుకుమిణుకుమనడం మామూలేనట. సరిగ్గా ఆ వేళ నేను స్విచ్చి కట్టేశాను. పాతవాడు సగం వెళ్ళి, కొత్తవాడు సగం వచ్చి, ఇద్దరూ గుమ్మంలో ఇరుక్కుపోయారు. అందుకే విండోసు తన దగ్గరుండే సాదాసీదా బేసిక్ డిస్‌ప్లే అడాప్టరుతో నెట్టుకొస్తూ గుమ్మడికాయ అక్షరాలు చూపించింది. పైగా నెట్టు కలిపి వుండడంతో విండోసు తనంతట తనూ ఒక డ్రైవరు తెచ్చి వేయబోతోంది, మావాడూ ఒకటి వేయబోతున్నాడు. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు వంటకు దిగినట్టే.

వాడు చేసిన వైద్యం ఇది. ముందు నెట్టు తీగ పీకేశాడు. షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టి, సేఫ్ మోడ్ అనే స్థితిలోకి తెచ్చాడు. అది పథ్యం లాంటిది, యంత్రం ప్రాణానికి కావలసినంత పని మాత్రమే చేస్తుంది. స్నేహితుడి దగ్గర్నుంచి తెచ్చుకున్న డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత పనిముట్టుతో పాత డ్రైవరు తునకలు, కొత్త డ్రైవరు తునకలు అన్నీ ఊడ్చేశాడు. పాత సున్నం గీకకుండా కొత్త సున్నం కొడితే నిలుస్తుందా? తర్వాత మామూలుగా తెరిచి, సరిగ్గా ఆ కార్డుకూ, ఆ విండోసుకూ సరిపడే డ్రైవరును దాని తయారీదారు ఇచ్చినదే ఎంచి, "క్లీన్ ఇన్‌స్టాల్" అన్న చోట టిక్కు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మళ్ళీ నల్లబడింది. నా చెయ్యి స్విచ్చి వైపు పోబోయింది, నిజం! వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి వెలుగు వచ్చింది. తెల్లవారుజామున రెండున్నరకు కొండారెడ్డి బురుజు మా హాల్లో గిర్రున తిరిగింది.

ఖర్చు సున్న. పట్టిన సమయం ముప్పావు గంట. కావలసివచ్చింది ఒక్క వాక్యం - "డ్రైవరు వేస్తుండగా నేను ఆర్పేశాను" అన్నది.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. నేను చెడ్డదాన్నా? పైసా దొంగిలించి ఎరుగను. కూరగాయలవాడు పొరపాటున పది రూపాయలు ఎక్కువ చిల్లరిస్తే వెనక్కి పిలిచి ఇచ్చేదాన్ని. మరి ఒక స్విచ్చి విషయంలో అంత నిస్సంకోచంగా ఎలా బొంకాను? వెతికి చూస్తే దొరికిన జవాబు ఒకటే - అలవాటు. చిన్నప్పుడు మా ఇంట్లో ఏది పగిలినా, ముక్కలు ఏరకముందే "ఎవరు చేశార్రా ఇది?" అన్న కేక వినబడేది. ఎవరు అని అడిగినప్పుడు మనకు కావలసింది దోషి. ఏం జరిగింది అని అడిగినప్పుడు కావలసింది కారణం. బాగుచెయ్యాలంటే కారణం కావాలి, దోషి కాదు. మనం పిల్లల్ని ఎప్పుడూ మొదటి ప్రశ్నే అడుగుతాం. నిజం చెప్పినవాడికి దెబ్బలూ, చెప్పనివాడికి అనుమానపు లాభమూ ఇస్తూ, "అబద్ధం ఆడకూడదు" అని నీతి కూడా చెబుతాం.

విమానాలు నడిపేవాళ్ళు ఈ సంగతి మనకంటే ముందు గ్రహించారు. అమెరికాలో 1976 నుంచి ఒక ఏర్పాటు వుంది. పైలట్లు, విమానాల దారి చూపేవాళ్ళు తమ పొరపాట్లను తామే రాసి పంపవచ్చు. ఆ ఉత్తరాలు వెళ్ళేది శిక్షలు వేసే శాఖకు కాదు, అంతరిక్ష సంస్థ నాసాకు. వాళ్ళు పేరూ వూరూ తీసేసి, పాఠం మాత్రం అందరికీ పంచుతారు. కావాలని చెయ్యని తప్పును పది రోజుల్లోపల రాసిపంపినవాళ్ళకు జరిమానాల్లో మినహాయింపు కూడా ఇస్తారు. నా తప్పు నాతోనే వుంటే అది అవమానం. నలుగురికీ తెలిస్తే అది జాగ్రత్త.

అయితే ఇందులో ఇంకో మెలిక వుంది. మన ఆడవాళ్ళకు ఇది బాగా తెలుసు. గొడవ ముదురుతుంటే "సరే, తప్పంతా నాదే లెండి!" అనేసి లోపలికి వెళ్ళిపోతాం. చూడ్డానికి ఇది ఒప్పుకోలులాగే వుంటుంది. కాని ఇదీ అబద్ధమే. "నేనేం చెయ్యలేదు" ఎంత పనికిమాలినదో "తప్పంతా నాదే" అన్నదీ అంతే పనికిమాలినది. నేను మిద్దె మీద వాడి దగ్గర "నా ఖర్మరా, అంతా నావల్లే" అని ఏడ్చి వుంటే వాడు నన్ను ఓదార్చి పడుకునేవాడు. కార్డు సోమవారం కొనేవాళ్ళం. బాగుచేసేవాడికి మన పశ్చాత్తాపంతో పనిలేదు. ఏం నొక్కాను, ఎప్పుడు, ఏం కనబడింది, తర్వాత ఏం చేశాను అన్న వరస కావాలి. ఒప్పుకోవడమంటే తల వంచడం కాదు, వరసగా చెప్పడం.

పెద్దవాళ్ళకూ ఈ పరీక్ష వస్తుంది. 2024 జూలై 19న ప్రపంచమంతటా కంప్యూటర్ల తెరలు నీలంగా మారి నిలిచిపోయాయి, జ్ఞాపకముందా? మన విమానాశ్రయాల్లో కూడా చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ వల్ల ఇంచుమించు 85 లక్షల విండోసు కంప్యూటర్లు కూలబడ్డాయి. వాటిలో చాలావాటికి మందు మావాడు చేసినలాంటిదే. ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి వెళ్ళి, సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, ఆ పాడు ఫైలు చేత్తో తీసెయ్యడం. ఏ ఫైలో, ఎక్కడుందో కంపెనీ ఆ రోజే చెప్పింది కనుక అది సాధ్యమయింది. ఆ మరుసటి నెల లాస్‌వేగాస్‌లో హ్యాకర్ల సమావేశంలో ఏటా వేళాకోళంగా ఇచ్చే "ఘోరవైఫల్య" బహుమానాన్ని ఆ కంపెనీకి ప్రకటించారు. దాన్ని అందుకోవడానికి కంపెనీ అధ్యక్షుడు మైకేల్ సెంటోనాస్ స్వయంగా వేదికెక్కాడు. తమ ఆఫీసులో ఉద్యోగులందరికీ రోజూ కనబడేట్టు దాన్ని పెడతానన్నాడు. జరిగిన నష్టం దానితో తీరిపోదు, నిజమే. కాని "చెడిపోయింది" అని ఊరుకోకుండా "చెడగొట్టాం" అన్నాడు కదా. ఆ రెండక్షరాలు పలికే మనుషులు అంత పెద్ద పదవుల్లో తరచుగా కనబడరు.

అంత దూరమెందుకు, మన కడపలోనే చూడండి. అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను బ్రౌన్ గ్రంథాలయం వైపు వెళ్ళివస్తూ వుంటాను. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత అక్కడే బంగళా కొని, పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాళపత్రాలూ కాగితపు ప్రతులూ తెప్పించి, ఒకే గ్రంథానికి వున్న నాలుగైదు ప్రతుల్ని పక్కపక్కన పెట్టి సరిచూపించాడు. ఆ బంగళా వున్న చోటే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం వుంది. పాత లేఖకులకు ఒక అలవాటుండేది. గ్రంథం రాయడం ముగిశాక చివర, చూసిన పుస్తకం ఎలా వుందో అలాగే రాశాననీ, తప్పులుంటే తన్ను దూషించవద్దనీ ఒక మాట చేర్చేవారు. ఇదీ మన "నేనేం చెయ్యలేదు" వంటిదే, కాకపోతే సంస్కృతంలో చెప్పేవారు! కాని ఆ లేఖకుల్ని తిట్టుకుంటూ కూర్చుంటే వేమన పద్యాలు అచ్చయ్యేవి కావు. ఏ ప్రతిలో ఏముంది, ఏది ఎక్కడ మారింది అని వరసగా చూడబట్టే 1829లో అచ్చయ్యాయి. తర్వాత 1839లో ఆయనే తన మొదటి పుస్తకంతో తృప్తిపడక, మరిన్ని పద్యాలు చేర్చి మళ్ళీ వేశాడు. ఎవరు చెడగొట్టారన్నది కాక, ఎక్కడ చెడిందన్నది వెతికినవాడివల్లే మనకు మన పద్యాలు మిగిలాయి.

ఇంక నాకు తేలని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. నేను రెండు రోజులు మౌనంగా వున్నాను. వాడూ రెండు రోజులు మౌనంగా వున్నాడు. నా మౌనం నన్ను కాపాడుకోవడానికి. వాడి మౌనం నన్ను కాపాడ్డానికి. రెండూ నిజాన్ని దాచినవే. మొదటిది తప్పని తెలుస్తూనే వుంది. మరి రెండోది ఒప్పా? "అవ్వా, చిట్టాలో ఇట్లుంది" అని వాడు శుక్రవారమే అని వుంటే, ఒక్క రోజు ముందే అన్నీ చక్కబడేవి. కాని నా పరువు పోయేది. నేను చెప్పిన దానిలో నాది అనదగిన మంచి ఏమన్నా వుంటే, అది నేనంతట నేను చెప్పడం ఒక్కటే. దాన్ని వాడు నాకు వదిలిపెట్టాడు. అది పొరపాటని పద్ధెనిమిది వేల రూపాయల లెక్క చెబుతుంది. నా మనసు మాత్రం ఒప్పుకోదు. మీరే చెప్పండి.

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు ఇస్తూ మావారికి అంతా చెప్పాను. "మరి గురువారమే చెప్పొచ్చు కదా!" అన్నారు. "చెబితే ఊరుకుని వుండేవారా?" అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళి, హోటలు నుంచి వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చి మనవడి ముందు పెట్టారు. "తిను" అన్నారు. ఆయన భాషలో అది క్షమాపణ. వాడికి ఆ భాష వచ్చు. బజ్జీ తుంచి మొదటి ముక్క తాతకే పెట్టాడు.

తర్వాత అమ్మాయికి ఫోను చేసి, "కంప్యూటరు బాగయిందమ్మా" అంటున్నారు. నేను వంటింట్లోంచి కేక వేశాను. "బాగవ్వలేదండీ, వాడు బాగుచేశాడు!"

అప్పుడు తట్టింది నాకు. ఈ క్రియాపదం తప్పుల్నే కాదు, పనిని కూడా దాస్తుందన్నమాట! ఇల్లు నడుస్తుంది. వంటవుతుంది. బట్టలు ఆరతాయి, మడతలు పడతాయి. పిల్లలు పెరుగుతారు. పండగ జరుగుతుంది. అన్నీ వాటంతటవే! ఎవరు నడిపారో, ఎవరు వండారో, ఎవరు పెంచారో ఆ మాటల్లో ఎక్కడా లేదు. తప్పు చేసినప్పుడు "చేశాను" అనడానికి భయపడ్డ నోరే, పని చేసినప్పుడు కూడా "చేశాను" అనడం మరిచిపోయిందేమో! రెంటికీ ఒకటే అలవాటు కావాలి కాబోలు.

ఆ రాత్రి మావారు చేతులు కడుక్కుని వచ్చి ఎప్పటిలాగే "వంటయిందా?" అన్నారు.

"దానంతటది ఇంకా అవలేదండీ. నేను చేస్తున్నాను, కాస్త ఆగండి" అన్నాను.